గాలి తగ్గితే

దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా తేడా లేకుండా మొదటిసారి అందరూ ఓటేసిన ఎన్నికల తర్వాతి ఏడాది, కరెంటు ఇంజనీరుగా డర్బన్‌కి కొత్తగా వచ్చాను. ఒక సాయంత్రం పక్కనున్న వెరులం ఊరికెళ్ళే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేతిలోని గాలిమర బొమ్మ చూసి, దీంతో ఇళ్ళల్లో లైట్లు వెలుగుతాయా అని ఇంగ్లీషులో అడిగింది. అడిగిందే చాలని పాఠం మొదలుపెట్టాను.

"వెలుగుతాయి. కానీ గాలి తగ్గితే లైను చివర ఊళ్ళో వోల్టేజీ పడిపోతుంది. దాన్ని నిలబెట్టే యంత్రం అక్కడే ఉండాలి. ఆ ఊతం దూరం నుంచి పంపితే దారిలోనే హరించుకుపోతుంది."

నాది ఆంధ్ర అని తెలిశాక ఆవిడ తమ ఆదివారం భజన గురించి చెప్పింది. అది చెరకు తోటల్లో పనికి మన వైపు నుంచి వచ్చిన ముత్తాతలు తెచ్చిన రాముడి పాట. చివరి చరణం మాటలు ఎవరికీ గుర్తులేక అక్కడ అందరి గొంతులూ పడిపోతాయట. ఊరి నుంచి క్యాసెట్ తెప్పిస్తానన్నాను.

ఆవిడ తెలుగులోకి మారింది. "క్యాసెట్ వొద్దు బాబూ. సండే నువ్ రా. పక్కన కూకో."

వెళ్ళాను. ఆ చరణం నాకూ రాదు. పక్కన కూర్చుని రాగం మాత్రం అందుకున్నాను. గొంతులు పడిపోలేదు.

ఇప్పటికీ ఆదివారాలు వెరులం బస్సెక్కుతాను.