శ్మశానం దారి కోసం ఒక కరపత్రం

గుంటూరులో తెల్లవారుజాము ప్యాసింజరు ఎక్కాను. కళాశాల చర్చాపోటీల్లో నాకు జంటగా మాట్లాడిన సునీత, తన ఊరి దళిత కాలనీ తరఫున ఒక కరపత్రం రాసింది. కాలనీ నుంచి శ్మశానానికి దారి లేదు. శవాన్ని చేల గట్ల మీదుగా మోసుకుపోవాలి. ఆ చేల యజమానులతో సాయంత్రమే సమావేశం. కరపత్రంలో రాజ్యాంగ అధికరణం ఒక్కటీ లేదని ఫోనులో విని, సరిదిద్దుదామని బయలుదేరాను.

మార్కాపురం రోడ్డులో దిగి, షేర్ ఆటోలో ఊళ్లోకి చేరి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, పదకొండున్నరకు యర్రగొండపాలెం బస్సు పట్టుకున్నాను. పక్కసీటు అవ్వ నా కాగితాలు చూసి, "ఏంది పాపా, పరీక్షా?" అంది. విషయం చెప్పాను.

"చచ్చినోళ్ల దారికి బతికినోళ్లు బస్సెక్కాల్నా?" అని నవ్వి, ఒక జామకాయ చేతిలో పెట్టింది.

యర్రగొండపాలెం బస్టాండుకు సునీత బండి తెచ్చింది. వాళ్లింట్లో జొన్నరొట్టె తింటూ కరపత్రం చదివాను.

"హక్కు మొదటి వాక్యంలోనే ఉండాలి," అన్నాను.

"చివర్లో ఉందిలే. ముందు ఆ చేల పెద్దాయన్ను నడవనీ," అంది.

నాలుగు గంటలకు పంచాయతీ కార్యాలయం వరండాలో కూర్చున్నాం. అర్జీ అయినా కరపత్రమైనా ఎవరికి ఇస్తే వారే అందరికీ వినబడేలా చదవడం ఆ ఊరి పద్ధతి. అడ్డున్న చేలల్లో పెద్దది రంగయ్య గారిది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టారు:

"మామా, పాడెకు ముందువైపు మీరు పట్టండి. వాన పడుతోంది. గట్టు మూరెడు వెడల్పు. పక్కపక్కన ఇద్దరికి చోటు లేదు. జారితే పాడె మీది మా అవ్వ మీ చేలో పడుతుంది. ఇప్పుడు ఏ కాలు ముందు వేస్తారు?"

అక్కడ ఆగారు. "నాతోనే మోయిస్తాండావేందే పిల్లా?" అన్నారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు, మిగిలింది గొంతు తగ్గించి చదివారు. చివరి వాక్యం ఇది: "నడవడం మా హక్కు, దారి చూపే పెద్దరికం మీది."

"జనం తొక్కితే నా మోటరు పైపులు పగలవా?" అన్నారు రంగయ్య గారు.

"లోతుగా పూడ్చే పని మాది మామా," అంది సునీత.

ఆయన పొలం వైపు చెయ్యి చూపారు. "కంది కోసినాక సర్వేయర్ను పిలుద్దాం. పాడె పట్టేంత దారి ఇస్తా."

ఆ మాటే కరపత్రం వెనుక రాసి ఇవ్వమన్నాను. "చదువుకున్న పిల్ల, నమ్మదు," అంటూ రాసి సంతకం చేశారు. మిగతా రైతులు ఆయన కిందే సంతకాలు పెట్టారు.

మరునాడు ఉదయం ఏడు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. ఎదుటివారిని నోరెత్తకుండా చేయడమే గెలుపని చర్చాపోటీల్లో నేర్చుకున్నాను. సునీత రాత ఎదుటివారి చేత మాట్లాడించింది. అధికరణాలను సర్వేయర్ వచ్చే రోజు కోసం దాచుకున్నాం, అవసరం పడవచ్చు. కిటికీలోంచి చూస్తే రోడ్డు పొడవునా కంది ఇంకా పసుపు పూత మీదే ఉంది. కోతకు రెండు నెలలైనా పడుతుంది. అంతవరకూ ఆ కాలనీలో ఎవరికీ ఏమీ కాకూడదని కోరుకుంటూ మార్కాపురంలో దిగాను.