యాభై రెండేళ్ళ కథానాయిక కోసం రాయపూర్‌కి

మా పెద్దమ్మ కూతురు, యాభై రెండేళ్ళ కమలక్క రాయపూర్ రైల్వే కాలనీలో ఉంటుంది. అక్కడి తెలుగు సంఘం ఏటా వేసే నాటకంలో ఇరవై ఏళ్ళుగా కథానాయిక ఆమే. ఈ వేసవిలో కూతురి పెళ్ళి చేసింది. కూతురికి పెళ్ళయితే ఇక తల్లి వేషమేనని ఆ సంఘంలో ఎవరూ రాసిపెట్టని రూలు. "ఆదివారం వేషాలు పంచుతారు. నువ్వొచ్చి నీ అమెరికా నటి గురించి చెప్పు" అని ఫోన్ చేసింది. విదేశీ సీరియళ్ళ మీద పత్రికలకు రాస్తుంటాను; అక్క అన్నది నేను రాసిన ఒక నటి గురించే. ఆ రూలు విని ఒళ్ళు మండి బయల్దేరాను.

శనివారం తెల్లవారాక విశాఖలో పాసింజరు ఎక్కాను. రాయగడ దాటాక పులిహోర తిని, నటి ఫొటో ఒళ్ళో పెట్టుకుని ప్రసంగం రాసుకుంటున్నాను. పార్వతీపురంలో ఎక్కినావిడ తొంగి చూసింది. రాయపూర్ పక్కన భన్‌పురిలో ఫ్యాక్టరీ పని చేసే అల్లుడి దగ్గరికి వెళుతోందట.

"ఎవులమ్మా ఈవిడ? మీ సుట్టమా?"

"కాదండీ, అమెరికా నటి. నలభై దాటగానే తల్లి వేషాలే ఇస్తామన్నారు."

"మరేటి సేసింది?"

"వెయ్యనంది. నాలుగేళ్ళు ఇంట్లో కూర్చుంది."

"బాగా సేసింది" అంటూ నా చేతిలో జంతికలు పోసింది.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. టిట్లాగఢ్ తర్వాత ఎండంతా ఎడమ కిటికీల మీదే. కుడివైపు కూర్చోండి. రాయపూర్ చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది.

ఆదివారం పదింటికి సంఘం హాల్లో మాట్లాడాను. ఆ నటి టీవీలో కాఫీ అందించే ఒక్క డైలాగు వేషంతో మొదలై, సినిమాల్లో కథానాయికై, ఖాళీగా కూర్చుని, మళ్ళీ టీవీలో డిటెక్టివ్‌గా వచ్చి, యాభై అయిదేళ్ళకు మరో సినిమాకి కథానాయిక అయిందని చెప్పాను. ముడతలు దాచకూడదని ఒప్పందంలో రాయించుకుందని కూడా చెప్పాను.

రిటైర్డ్ రైల్వే గార్డయిన సంఘం సెక్రటరీ నవ్వాడు. "వో అమెరికా హై అమ్మా. ఇక్కడ సమాజం ఒప్పుకోదు."

కమలక్క లేచింది. "మీ ఇద్దరాడపిల్లలకీ పెళ్ళిళ్ళయ్యాయి గదా అన్నయ్యా. మీరు అభీ తక్ ఇంకా హీరోగానే ఎలా ఉన్నారు?"

అప్పటికే వేషాల కాగితాలు పంచేశారు. అక్క తల్లి వేషం కాగితాలు బల్ల మీద పెట్టేసింది. నాటకంలో వేసే తక్కిన ముగ్గురు ఆడవాళ్ళూ తమవి తెచ్చి దానిమీదే పెట్టారు. సెక్రటరీ ఏమీ తేల్చకుండా మీటింగు ముగించాడు.

సోమవారం పొద్దున్నే తిరుగు రైలెక్కాను. రాయపూర్లో నేను చూసిందల్లా ఒక కాలనీ, ఒక హాలు, నలుగురు మొండి ఆడవాళ్ళు. అంత దూరం వెళ్ళినందుకు అది చాలు. మహాసముంద్ దాటుతుండగా అక్క దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "కథానాయిక నేనే. సెక్రటరీ అన్నయ్య మా నాన్న వేషం వేస్తున్నాడు."