మైకక్క వెటకారం

మా బస్టాండులో మైకక్క గొంతు విననివాళ్ళు లేరు, మొహం చూసినవాళ్ళు మాత్రం తక్కువ. నేను ఎంక్వైరీ కౌంటర్లో కూర్చునేదాన్ని. నా వెనకాల అద్దాల గదిలో మైకు ముందు ఆమె. బోర్డు మీద ఇంతేసి అక్షరాలతో రాసిపెట్టినదాన్నే వచ్చి అడిగే జనానికి జవాబు చెప్పీ చెప్పీ నాకు కోపం ముక్కుమీదికి వచ్చింది. ఆమెకి వెటకారం వచ్చింది. ఆ ఉద్యోగం మా ఇద్దరికీ చేసిన మేలు అదొక్కటే.

మైకు మీట నొక్కితే ఏ బస్సు, ఏ ప్లాట్‌ఫారం, ఎన్నింటికి అన్నది ముత్యాల్లా చెప్పేది. మీట వదిలితే ఒక్క మాట తిన్నగా వచ్చేది కాదు. ఆలస్యంగా వచ్చిన డ్రైవర్ని అప్పుడే వచ్చేశారేం, ఇంకాసేపు పడుకోకపోయారా అని పరామర్శించేది. నేను కళ్ళజోడు పెట్టుకుని వచ్చిన రోజు, ఇక మీదట నీకు మనుషులు కూడా కనబడతారన్నమాట అంది. డిపో మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరూ ఆమెతో ఒక మాట అనిపించుకోందే పనిలోకి దిగేవాళ్ళు కాదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తల్లీ తండ్రీ వెంటవెంటనే పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. వాడి బడి రిజిస్టర్లో గార్డియన్ అన్నచోట ఆమె పేరే ఉండేది. దొరగారు లేచారా, దొరగారు పలక పగలగొట్టారా అంటూనే వాణ్ణి చదివించి మందుల షాపు పెట్టుకునేదాకా తీసుకొచ్చింది. వాడు పెళ్ళి చేసుకుని వేరే ఇంటికి వెళ్ళాక, తను సైకిల్ షాపు మీద రెండు గదులు అద్దెకి తీసుకుంది. మేడ మెట్లు ఎక్కగానే తలుపు, తలుపుకి ఆమె స్వయంగా కొన్న తాళం. ఆ గదుల్లోకి వెళ్ళి తలుపేసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని మురిసిపోయేది.

ఒక మధ్యాహ్నం మైకులో ఆమె బస్సు పేరు చెప్పబోయి కుర్చీ అంది. మళ్ళీ చెప్పబోయి మళ్ళీ కుర్చీయే అంది. వేళాకోళం చేస్తోందని అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది. తలలో రక్తం గడ్డకట్టిందట. ఆస్పత్రిలో మంచినీళ్ళు కావాలంటే టిక్కెట్టు కావాలనేది. వేలు పెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

అప్పుడు ఆస్పత్రివాళ్ళూ, బ్యాంకువాళ్ళూ, గదులు అద్దెకిచ్చినాయనా తలా ఒక సంతకం అడిగారు. సంతకం పెట్టాల్సిన మనిషి తన పేరే చెప్పలేకపోతోంది. ఎవరో సలహా ఇస్తే తమ్ముడు కోర్టుకి వెళ్ళి అక్కకి గార్డియన్ అయ్యాడు. వాడు దుర్మార్గుడైతే ఎంత బావుండేది! నాలుగు తిట్టి కడుపు చల్లబరుచుకునేవాళ్ళం. వాడు వెన్నలాంటి మనిషి. అక్కకి స్వయంగా అన్నం తినిపించాడు, మాటలు నేర్పే ఆమె దగ్గరికి రోజూ తీసుకెళ్ళాడు, పక్క గుడ్డలు తనే ఉతికాడు. తిరిగి మనిషయిందంటే వాడి చలవే. కాదంటే నా కళ్ళు పోతాయి.

మాట పూర్తిగా వచ్చింది. చెయ్యి కొంచెం వణికేది, అంతే. మాటతో పాటు వెటకారమూ వచ్చింది. గార్డియన్ చేతి కింద ఉండే మనిషి కాబట్టి కోర్టు కాగితంలో ఆమెని వార్డు అని రాశారు. ఇన్నాళ్ళూ వార్డులో మనుషులుంటారనుకున్నాను, మనిషే వార్డవుతుందని తెలియదు, నాలోకి వచ్చేటప్పుడు చెప్పులు బయట విడవండి అంది నాతో.

కానీ కోర్టు ఇచ్చిన గార్డియన్ ఆర్డరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఫోన్ షాపులో కొత్త సిమ్ము ఇవ్వలేదు, మీ గార్డియన్ రావాలమ్మా అన్నారు. పన్ను పీకించుకోవడానికి వెళితే పళ్ళ డాక్టరూ అదే మాట. పన్ను నాదే, నొప్పీ నాదే, పీకించుకోవడం మాత్రం వాడి ఇష్టం అని దవడ పట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆమె గదుల తాళంచెవి తమ్ముడి గుత్తిలోకి చేరింది. వాడింట్లో ఆమెకిచ్చిన గదికి కిటికీ ఉంది, తలుపుకి గడియ లేదు. లోపల కళ్ళు తిరిగి పడిపోతే ఎలా అని బాత్రూం గడియ కూడా పీకించేశాడు. అందుకని స్నానం చేసినంతసేపూ ఆమె మైకు గొంతుతో, ప్రయాణికులకు మనవి, ఈ ప్లాట్‌ఫారం ప్రస్తుతం ఖాళీ లేదు అని కేకేస్తూ ఉండేది. మరదలు వంటింట్లో పడీ పడీ నవ్వేది. ఒకరోజు నేనూ అక్కడే ఉండి నవ్వాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

బస్టాండులో ఆమె పాత రికార్డింగులు వేసి నడిపిస్తున్నారు. ఆమె గొంతు మానకుండా డ్యూటీ చేస్తోంది, ఆమెకే అనుమతి లేదు. మేనేజరు మంచివాడే. ఆర్డరు రద్దయిన మర్నాడే వచ్చి కూర్చోమన్నాడు, రద్దు కాకుండా మాత్రం నేనేం చెయ్యలేనన్నాడు. అంటే ఉద్యోగం, గదులు, గడియ, పన్నుతో సహా అన్నీ ఆ ఒక్క కాగితం మీద ఆగిపోయాయి. ఆమె రద్దు కోసం అర్జీ పెట్టింది. తమ్ముడు వద్దనలేదు. డాక్టరు సరేనంటే నాకంటే సంతోషించేవాడు లేడన్నాడు.

కోర్టు పంపిన డాక్టరు దగ్గరికి వాడే తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆ డాక్టరు కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. మీ పక్కన ఉన్నది ఎవరని అడిగాడు.

"మా నాన్నగారండి. తప్పిపోతానని చెయ్యి పట్టుకుని తిప్పుతారు."

"ఇప్పుడు మీరు ఎక్కడున్నారు?"

"మీ దయలో."

"ఇది ఏ సంవత్సరం?"

"నాకు కలిసిరాని సంవత్సరమండి."

తమ్ముడు ఫక్కున నవ్వి, మా అక్క వరసే అంత సార్ అని చెప్పబోయాడు. పేషెంటు తరఫున మీరు మాట్లాడకూడదని డాక్టరు వాడి నోరు మూయించాడు. టకటకా కొట్టుకుంటూ పోయాడు. స్థలం, కాలం తెలియడం లేదు, తమ్ముణ్ణి తండ్రి అనుకుంటోంది అని రిపోర్టు వచ్చింది. అర్జీ కొట్టేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె అన్నవన్నీ అందులో ఉన్నాయి, ఆమె చెప్పింది ఒక్కటీ లేదు.

తమ్ముడు మాత్రం ఆ రిపోర్టుని మందుసీసా మీద చీటీ చదివినట్టు చదివాడు. వాడి వృత్తే అంత, రాసి ఉన్నదాన్ని నమ్మకపోతే మనుషులు చచ్చిపోతారు. లోపల మనకి తెలియనిదేమైనా ఉందేమోనన్న అనుమానం వాడికి అప్పుడే పట్టుకుంది. అప్పటినుంచి అక్క రోడ్డు దాటుతుంటే మోచెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టాడు.

రెండోసారి అర్జీకి వకీలు గట్టివాణ్ణి పెట్టుకున్నాం. ఆయన ఒకటే షరతు పెట్టాడు. ఒక్క వెటకారం మాట దొర్లినా నేను కేసు వదిలేస్తాను, అడిగినదానికి అడిగినంతే జవాబు, ఇంట్లో కూడా అలాగే అలవాటు చేసుకోండి, మీ తమ్ముడికి ఇదంతా చెప్పకండి, కోర్టు లెక్కలో ఆయన ఎదుటి పార్టీ అన్నాడు.

రద్దీ తగ్గే వేళ ఆమె నా కౌంటర్ దగ్గరికి వచ్చేది. నేను జడ్జిని, ఆమె వార్డు. మొదట్లో నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ పేరేమిటి అంటే పిలిచేవాళ్ళని బట్టి ఉంటుందనేది. నోరు జారగానే తనే నాలిక్కరుచుకునేది. చివరికి ఒక ఉపాయం దొరికింది. జవాబుని మైకులో చెబుతున్నట్టు చెప్పాలి. కనబడని మీట ఒకటి వేలితో నొక్కి, పేరు, వయసు, వారం, తేదీ గడగడా అప్పజెప్పేది. ఇంట్లోనూ అలాగే ఉంటోందని చెప్పింది. మరదలు కూర ఎలా ఉందంటే బాగుంది అంటోందట. తమ్ముడు షాపు నుంచి రాగానే ఒక మాట కోసం కాసేపు గుమ్మంలో నిలబడి, రాకపోతే లోపలికి పోతున్నాడట. ఆ మాట చెప్పి ఆమె నవ్వబోయి మానేసింది. కొన్నాళ్ళు ఓర్చుకో, కాగితం చేతికొచ్చాక ఇద్దరం కలిసి వాణ్ణి ఏడిపిద్దాం అన్నాను.

విచారణ జడ్జిగారి గదిలోనే జరిగింది. జడ్జి పెద్దావిడ, ఓపిక ఉన్న మనిషి. బల్లకి ఒకవైపు మేం, ఒకవైపు తమ్ముడు, మూల టైపు చేసే అమ్మాయి. జడ్జిగారు అడిగినదానికల్లా మైకక్క జవాబు చెప్పింది. జీతం వస్తే ముందు అద్దె కడతానంది, కరెంటు బిల్లు కడతానంది. ఒంట్లో బాగా లేకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పింది. వేసుకునే మాత్రల పేర్లు ఒక్కటీ తప్పకుండా చెప్పింది. బల్ల కింద ఆమె వేలు మీట నొక్కుతూనే ఉంది. తమ్ముడు మిమ్మల్ని బాగా చూసుకోవడం లేదా అని జడ్జిగారు అడిగారు.

"బాగా చూసుకుంటున్నాడండి. నాకు నా గది కావాలి."

జడ్జిగారు తృప్తిగా తలాడించారు. వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అయిపోయిందనే అనుకున్నాను. మర్యాదకి అన్నట్టు ఆవిడ తమ్ముడి వైపు తిరిగి, మీకేమైనా అభ్యంతరమా అన్నారు.

వాడు లేచి నిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు.

"అభ్యంతరం లేదండీ. కానీ మా అక్క ఇలా మాట్లాడదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఒక్కరోజు కూడా ఇలా మాట్లాడలేదు. నన్ను తిట్టినా వెక్కిరిస్తూనే తిడుతుంది. ఇప్పుడు ఇంట్లో కూడా ఇంతేనండీ, అడిగితే జవాబు చెప్తుంది, ఊరుకుంటుంది. అన్నీ కరెక్టే చెప్పింది. అదే నాకు భయంగా ఉంది. లోపల ఏదో అయిపోయిందండీ."

నేను లేచి అది కాదండీ అన్నాను. బంట్రోతు నన్ను కూర్చోబెట్టాడు. వకీలు కంగారుపడిపోయి, ఆమెకి ఏమీ కాలేదు, అలా మాట్లాడమని నేర్పింది నేనే అని నోరు జారాడు. జడ్జిగారు కలం కింద పెట్టారు. అయితే ఇంతసేపూ నేను విన్నవి మీరు నేర్పిన జవాబులా అని అడిగారు.

ఆవిడ చెడ్డమనిషి కాదు. మైకక్క వైపు వంగి, ఎంతో మెత్తగా అడిగారు.

"పోనీ, మీ మామూలు ధోరణిలో ఒక్క మాట మాట్లాడండి. నాకు నమ్మకం కుదరాలి కదా."

ఎవరైనా వెటకారం చెయ్యమంటే వస్తుందా? తుమ్మమంటే తుమ్మొస్తుందా? టైపు అమ్మాయి వేళ్ళు మీటల మీద పెట్టుకుని ఎదురు చూస్తోంది. తమ్ముడు ఆశగా చూస్తున్నాడు. అక్క నోరు తెరిచింది. నన్ను చూసింది, వాణ్ణి చూసింది. అను, ఏదో ఒకటి అను, ఈ బల్లని అను, ఈ వకీలు మొహాన్ని అను అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. ఆఖరికి, నాకేమీ రావడం లేదండి అంది.

జడ్జిగారు ఆ మాటే రాసుకున్నారు. ఇంకో ఏడాది గార్డియన్ కొనసాగాలి, ఈలోపు మరో డాక్టరు చేత చూపించాలి అని ఆర్డరు. వకీలు మా మొహాలు చూడకుండా ఇంకో కేసుకి వెళ్ళిపోయాడు.

వరండాలో తమ్ముడు అక్క సంచీ తన భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు. నీ మంచికే చెప్పాను అక్కా, నన్ను ఏదన్నా అను, అలా ఉండకు అని బతిమాలాడు. నేను నోటికొచ్చింది అనబోయాను గానీ మైకక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాడి వైపు తిరిగింది.

"ఈమెతో వెళ్ళి టీ తాగి రావచ్చా?"

ఆ మాటలో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని చెవి రిక్కించి విన్నాను. లేదు. వాడు వాచీ చూసుకున్నాడు. వెళ్ళిరా అక్కా, చక్కెర వెయ్యొద్దని చెప్పు, మెట్ల దగ్గర జాగ్రత్త అన్నాడు.

"థాంక్సండి" అంది తమ్ముడితో.

వాడి మొహం వెలిగిపోయింది. అండి అన్నది కదా, అక్కకి మళ్ళీ వెటకారం వచ్చేసిందనుకున్నాడు, పిచ్చి సన్నాసి. చూశావా అన్నట్టు నా వైపు చూసి నవ్వాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను, మొహం చూశాను. ఆమె నిజంగానే అంది.