అవనిగడ్డలో అన్నదమ్ముల సినిమా

నిన్న బస్సులో ఆ పాత కామెడీ సినిమా వేశారు. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములు పెద్దయ్యాక కలుస్తారు. ఒకడు జేబుదొంగ, ఇంకొకడు బడిపంతులు. బస్సంతా నవ్వుతుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

నా చిన్నప్పుడు నాన్న ఆ సినిమాకి నన్ను హంసలదీవి నుంచి అవనిగడ్డ తీసుకెళ్లాడు. అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టక కొట్టుకుంటుంటే హాలంతా పగలబడి నవ్వింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నవ్వీ నవ్వీ నీళ్లొచ్చాయనుకుని నేనింకా గట్టిగా నవ్వాను.

బయటికొచ్చాక నాన్న సోడాబండి దగ్గర ఒకాయన్ని ఆపాడు.

"మీదే ఊరండీ?"

"గుడివాడ దగ్గర నందివాడండీ."

"మీ అమ్మానాన్నలు మిమ్మల్ని కన్నవాళ్లేనా, పెంచుకున్నవాళ్లా?"

ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసింది.

"ఎవరు నాన్నా?"

"ఎవరో. మా తమ్ముడుంటే ఆ వయసే ఉంటాడమ్మా."

నాకో బాబాయి ఉండేవాడని ఆ రోజే తెలిసింది. ఉప్పెనలో నాన్న చేతిలోంచి జారిపోయాడట, పసివాడు. శవం దొరకలేదు కాబట్టి ఎక్కడో ఎవరో పెంచుకుని ఉంటారనే నాన్న నమ్మకం.

"బాబాయి దొరికితే మనింట్లోనే ఉంటాడా?" అని సంబరంగా అడిగాను.

"ఉంటాడు," అన్నాడు నాన్న.

ఆ తర్వాత ఎక్కడికెళ్లినా ఆ వయసు మగవాళ్లని ముందుగా నేనే వెతికి, "నాన్నా, అదిగో" అని చూపించేదాన్ని. నాన్న ప్రతిసారీ లేచి వెళ్లేవాడు. సాయం చేస్తున్నాననుకునేదాన్ని.