నా చేత మళ్లీ కత్తెర పట్టించిన మేడం గారు

ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, వన్ టౌన్‌లోని మా కొట్లో షేర్వానీ గుడ్డ పరిచి గీతలు గీస్తుండగా ఫోన్ వచ్చింది. అవతల ఫిజియోథెరపీ మేడం గారి అమ్మాయి.

"మాస్టారూ, అమ్మ పొద్దున పోయిందండీ. మీకు చెప్పాలనిపించింది."

సుద్దముక్క కింద పెట్టేశాను. మేడం గారికి ఒంట్లో బాగుండటం లేదని తెలుసు. తెలిసినా ఆ మాట వినడానికి సిద్ధంగా లేను.

నేను దర్జీని. మా నాన్న దగ్గర నేర్చుకున్న ఈ పని తప్ప మరొకటి రాదు. కొన్నేళ్ల కిందట నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు. చొక్కా మా ఆవిడ తొడగాల్సి వచ్చేది. షుగర్ ఉన్నవాళ్లకి ఇలా వస్తుంటుందని చెప్పి, ఎముకల డాక్టరు గారు నన్ను గవర్నర్‌పేటలోని మేడం గారి దగ్గరికి పంపారు. అప్పటికే పెళ్లి ఆర్డర్లు వద్దంటున్నాను. కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట కూడా ఇంట్లో వచ్చింది.

మెట్లెక్కి వెళితే చిన్న గది. నొప్పి ఎక్కడో చూశాక ఆమె ఒక మాట అడిగారు.

"చెయ్యి బాగైతే ముందు ఏం చెయ్యాలని ఉంది మాస్టారూ?"

కత్తెర పట్టాలని చెప్పబోయాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నమాజులో రెండు చేతులూ చెవుల దాకా ఎత్తాలండీ."

"సరే, అక్కడికే వెళ్దాం. నెలలు పట్టొచ్చు. కానీ చాలామందికి తిరిగొస్తుంది" అన్నారు.

బల్ల మీదికి వంగి చేతిని వదులుగా వేలాడదీసి ఊపడం, గోడ మీద వేళ్లు పైకి పాకించడం, కర్ర రెండు చేతులా పట్టుకుని ఎత్తడం. ఎవరు చెయ్యి ఎత్తుతున్నా ఆమె చెయ్యి కూడా తెలియకుండానే వాళ్లతో పాటు లేచేది. "చేసేటప్పుడు కాస్త లాగి తగ్గిపోతే పర్లేదు. రాత్రికీ తగ్గలేదంటే ఎక్కువ చేసినట్టు" అనేవారు. భయపడి చెయ్యిని ఒళ్లో దాచుకునేవాళ్లకి మరీ మరీ చెప్పేవారు, "కదలకపోతే అది ఇంకా మొండికేస్తుందండీ" అని.

నా చెయ్యి అప్పటికే మొండికేసింది. ఎన్ని వారాలైనా వేళ్లు గోడ మీద అదే చోట ఆగిపోయేవి. విసుగొచ్చి వెళ్లడం మానేశాను.

ఒకరోజు ఆమే స్కూటర్ మీద మా కొట్టుకి వచ్చారు. చేతిలో తెల్లగుడ్డ పొట్లం. నేను గుడ్డ ఎలా కత్తిరిస్తానో చూపించమన్నారు. ఏదో పాత ముక్క తీసుకుని చూపించాను.

"మీరు గుడ్డ మీదికి ఒరిగిపోతున్నారు. బల్ల ఎత్తు పెంచండి. దూరంగా ఉన్నదానికి చెయ్యి చాపకండి, మీరే అటు నడవండి" అన్నారు. తర్వాత పొట్లం నా ముందు పెట్టారు. "నాకు క్లినిక్‌లో వేసుకోవడానికి రెండు తెల్లకోట్లు కావాలి. మీ చేత్తోనే కత్తిరించాలి."

"ఎప్పటికవుతుందో చెప్పలేనండీ."

"నేను మాత్రం మీకు తారీఖు చెప్పానా?"

ఆ సాయంత్రమే బల్ల కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టించాను. మర్నాడు మళ్లీ గవర్నర్‌పేట మెట్లెక్కాను. ఎండలు పోయి వానలు పట్టేసరికి వేళ్లు గోడ మీద ఆ చోటు దాటాయి. ఒక శుక్రవారం మసీదులో చేతులెత్తినప్పుడు కుడిచేతి బొటనవేలు చెవి తమ్మెను తాకింది. పక్కవాళ్లకి అదేమీ తెలియదు. నా కళ్లు మాత్రం తడిశాయి.

ఆ వారంలోనే కోట్లు కత్తిరించాను. ఆమె ఒకటి తొడుక్కుని, రెండు చేతులూ పైకి చాపి, "ఎక్కడా పట్టేయడం లేదు మాస్టారూ" అన్నారు. నా భుజం గురించి కూడా అదే మాట చెప్పాలనిపించింది.

ఈ మధ్య ఆమె జబ్బుపడ్డాక చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు మంచం మీద పడుకుని ఒక కాలు నెమ్మదిగా ఎత్తి దించుతున్నారు. నన్ను చూసి, "ఇన్నేళ్లూ అందరి చేతా చేయించాను. ఇంత విసుగు పుట్టే పని అని ఎవరూ చెప్పలేదేంటండీ?" అన్నారు.

"చెప్పామండీ, మీరే వినలేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే రెండో కాలు ఎత్తారు.

పెద్దకర్మ రోజున వాళ్లింటికి వెళ్లాను. హాల్లో చాపల మీద కూర్చున్నవాళ్లలో ఆమె దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లే ఎక్కువ. కింద కూర్చోవడం మానొద్దని, లేవడం నేర్చుకుంటే పడిపోతామన్న భయం పోతుందని ఆమె వాళ్లందరికీ నేర్పారట. భోజనాలకి పిలిచారు. నా పక్కనున్న పెద్దావిడకు చెయ్యి అందించబోయాను.

"ఉండు బాబూ, నేనే లేస్తాను" అంది.

పక్కకి తిరిగి మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు వేసి, ఆ మోకాలి మీద అరచేతులు ఆనించి మెల్లగా పైకి లేచింది. ఆమె వెనక ఇంకొకాయన, గోడ వైపు మరో ఇద్దరు, అందరూ అదే పద్ధతిలో లేస్తున్నారు. కుర్చీ కోసం ఎవరూ చూడలేదు. పెద్దావిడ కుచ్చిళ్లు సర్దుకుని, మేడం గారి ఫోటో ముందు ఒక్క క్షణం ఆగి, విస్తళ్ల వైపు నడిచింది.