పిలిచేదాకా కూర్చున్న మా వదిన

మా వదిన పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వచ్చినవాళ్ళకు చీటీలిచ్చి, వరస ప్రకారం లోపలికి పంపడం ఆవిడ పని. పిలవకముందే లేచి తలుపు తోసేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. "బుగ్గ బూరెలా వాచినా సరే, పిలిచేదాకా కూర్చోవాల్సిందే" అంటుంది. నాకు పన్ను సలిపి ప్రాణం పోతున్నా, సొంత ఆడపడుచునని కూడా చూడకుండా అందరి తర్వాతే పంపింది. ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాను.

మేనకోడలిదీ అచ్చం తల్లి పోలికే. రోడ్డు దాటాలంటే పక్కవాళ్ళు "రా" అంటేగానీ కాలు కదిపేది కాదు. "నువ్వు అవతలికి చేరినట్టేలేవే, తెల్లారిపోతుంది" అని ఏడిపించేదాన్ని.

కిందటేడు బడి నుంచి వస్తున్న ఆ పిల్లను, తండ్రి కారు తాళాలు ఎత్తుకెళ్ళిన పదిహేనేళ్ళ కుర్రాడు గుద్దేశాడు. అక్కడికక్కడే పోయింది.

పిల్లే చూసుకోకుండా అడ్డంగా పరిగెత్తిందని కుర్రాడి తరఫు వకీలు వాదించాడట.

"వాడికి శిక్ష వేస్తారో, మందలించి వదిలేస్తారో నాకక్కర్లేదు" అంది వదిన. "నా బిడ్డ పరిగెత్తే పిల్ల కాదు. ఆ ఒక్క మాట జడ్జిగారికి చెప్పాలి."

పిల్లల కోర్టు కదా, తలుపులు మూసి విచారిస్తారు. ప్రతి వాయిదాకూ వెళ్ళి బయట బల్ల మీద కూర్చునేవాళ్ళం. వదిన పెదవులు కదుపుతూ ఆ మాటే వల్లించుకునేది.

"లోపలికెళ్ళి అడుగు వదినా!"

"నా పేరు వాళ్ళ దగ్గరుంది, పిలుస్తారు. మధ్యలో దూరితే ఎంత చిరాకో నాకు తెలుసు."

"పళ్ళ డాక్టరూ జడ్జీ ఒకటేనా తల్లీ!" అని నేను లేవబోతే, చెయ్యి పట్టి కూర్చోబెట్టేసింది.

చివరి వాయిదా రోజు తలుపు తెరుచుకుంది. కుర్రాడు తల్లి వెనక నక్కి, మావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. తర్వాత బంట్రోతు వచ్చాడు.

"అయిపోయిందమ్మా, వెళ్ళిరండి."

"అదేంటి బాబూ, నన్ను పిలవలేదుగా?"

"మాట్లాడతానని మీరే ముందు అడగాలమ్మా. పోయిన పిల్ల తల్లి అడిగితే వినాల్సిందే. మీ హక్కది. ఎవరూ చెప్పలేదా?"

చెప్పిన మహానుభావుడెవడు? పోలీసు చెప్పలేదు, ప్రభుత్వ వకీలు చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆ బల్ల ముందు నుంచే కదా అందరూ తిరిగారు!

"పరిగెత్తిందనే రాశారా?" అని అడిగింది వదిన.

అతను తల దించుకున్నాడు. "కాదన్నవాళ్ళు లేరు కదమ్మా."

నేను వరండా దద్దరిల్లేలా అరిచాను. వదిన మాత్రం చీర కుచ్చిళ్ళు సర్దుకుని మెట్లు దిగింది.

కోర్టు ఎదురుగా రోడ్డు దాటాలి. బళ్ళు ఆగాయి. జనమంతా దాటేశారు. నేనూ సగం దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, వదిన అంచు మీదే నిలబడి ఉంది.

వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకున్నాను. "రా వదినా."

"చూశావా," అంది, కళ్ళనిండా నీళ్ళతో. "అదీ ఇలాగే నిలబడేది."