వరసలో ఆఖరున నిలబడిన అప్ప

అప్ప పోయిందని సోమవారం పొద్దున్న తెలిసింది. వాళ్ళ గూడెంలో ఫోను పలకదు. ఆమె తమ్ముడు సిగ్నలు కోసం గుట్ట ఎక్కి నాకు చేశాడు. "మాస్టారూ, మా అప్ప పోనాది. మూడు దినాల జొరమే. మద్దినేల మట్టి సేసెత్తాం. నువ్వందుకోనేవు, అయినా నీకు సెప్పాల గదా" అన్నాడు. అతనన్నట్టే అందుకోలేకపోయాను. పార్వతీపురంలో బయల్దేరి, రెండు బస్సులు మారి, కొండ నడిచి ఎక్కేసరికి పొద్దు వాలింది. ఇంటి ముందు కూర్చున్నవాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు. ఒక్కొక్కరూ ఆమె తమతో అన్న మాట ఏదో ఒకటి చెబుతున్నారు. నాకు తెలిసినవి నేనూ చెప్పాను. అవే ఇక్కడ రాస్తున్నాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు అక్క కాదు. అరకు కొండల్లో, గిరిజన ఆడపిల్లలు ఉండి చదువుకునే ఒక ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. పిల్లలు అప్ప అనేవారు, వాళ్ళని చూసి మేష్టర్లమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆమె చదువుకోలేదు. అయినా భోజనాల వేళ వరసల మధ్య ఒకసారి నడిచి, ఎవరు రాలేదో చెప్పేసేది. నేను హాజరుపట్టీ తీసేలోగా తనే వెళ్ళి, జ్వరంతో మూల పడుకున్న పిల్లని చేయి పట్టుకుని తీసుకొచ్చేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను. "తిన్నోల్లు మన కల్ల ముందరే ఉంతారు మాస్టారూ. తినని గుంట ఎక్కడున్నాదో, ఆ పిల్లని మనమే ఎతకాల" అంది.

ఆ బడికి నేను మేష్టరుగా రాకముందే ఆమెను ఒకసారి చూశాను. తొంభైల నడిమిలో ఎన్నికల డ్యూటీ మీద అక్కడికి వెళ్ళాను. ఆ బడిలోనే పోలింగు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఓటరు వేలికి సిరా పెట్టే పని నాది. ముందు రోజు సాయంత్రం మా అందరికీ అన్నం వండి పెట్టి, గూడెం వాళ్ళని తీసుకొస్తానని ఆమె కొండెక్కి వెళ్ళిపోయింది. వాళ్ళ పై గూడెం నుంచి కిందికి నడక సగం పూట. మధ్యలో గెడ్డ అనే కొండవాగు దాటాలి. మర్నాడు రెండు గంటలు దాటాక కొంతమందిని వెంటబెట్టుకుని వచ్చింది.

జాబితా చూసే ఉద్యోగి ఆమె పేరు మీద వేలు పెట్టి, "నీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు.

"ఎవులేసినారు?"

అతను జాబితాలో పేజీ తిప్పాడు. ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ఎడమ చెయ్యి చాపింది. "బాబూ, సిరా ఎట్టేది నువ్వే కదా. ఈ ఏలికి ఎట్టినావేటి?"

ఆ వేలి మీద పసుపు మరక ఉంది, పాత కాలిన మచ్చ ఉంది. సిరా లేదు. నేను తల దించుకున్నాను. ఆమె వెనక వచ్చినవాళ్ళలో చాలామందికి అదే జవాబు దొరికింది. వాళ్ళు చెట్ల కింద కాసేపు కూర్చుని, వచ్చిన దారినే కొండెక్కి పోయారు.

ఒకరి ఓటు ఇంకొకరు వేసేసినా, అసలు మనిషి వస్తే వేరే కాగితం ఇచ్చి ఓటు వేయించుకోవాలి. దాన్ని టెండరు ఓటు అంటారు. మాకు శిక్షణలో చెప్పారు. నాకు గుర్తుంది కూడా. మా పై అధికారి నావైపు చూసిన చూపుకి భయపడి నోరు మెదపలేదు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రెండేళ్ళకి నాకు అదే బడికి బదిలీ అయింది. మొదటి రోజు మధ్యాహ్నం కంచం పట్టుకుని నిలబడ్డాను. ఆమె అన్నం పెట్టింది, పప్పు పోసింది, నా మొహం చూసింది.

"సిరా ఎట్టిన బాబువు నువ్వే కదా?"

అవునన్నాను.

"నా ఓటు ఎవులేసినారో ఇప్పుడైనా సెప్తావేటి?"

"అది నాకు నిజంగా తెలీదప్పా. కానీ ఆ రోజు నీకు వేరే కాగితం ఇచ్చి వేయించాలి. ఆ సంగతి తెలిసీ నేను చెప్పలేదు."

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. ఆమె గిన్నెలో అడుగున ఉన్న పప్పు కూడా నా కంచంలో పోసి, "మరి ఇప్పుడు సెప్పినావు. నాకొక్కదానికే సెప్తే ఏటవుతాది? ఆదివారం మా గూడెం రా, అందరికీ సెప్పు" అంది.

వెళ్ళాను. ఒక ఇంటి అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, చెప్పమంది. ఆ రోజు నేను చేసింది, చేయనిది రెండూ చెప్పాను. ఒక ముసలాయన చుట్ట ఆర్పి, "ఓటేత్తే మనకేటొస్తాది? ఏసినా మన బతుకు ఇదే, ఏయకపోనా ఇదే" అన్నాడు. కొందరు తలూపారు.

అప్ప ఆయన పక్కన కూర్చుంది. "మావా, మనకేటొస్తాదో తరవాత సూద్దాం. మన పేరెట్టి ఇంకెవుడో ఏసుకుంటన్నాడు. ఆడికేటీ రాకుండానే ఏత్తన్నాడేటి?"

ముసలాయన చుట్ట మళ్ళీ వెలిగించాడు. తర్వాత, కాగితం ఏదైనా రాస్తే వేలిముద్ర వేస్తానన్నాడు. పై గూడెంలో ఉన్న చిన్న బడిలోనే పోలింగు పెట్టాలని ఆ రోజే అర్జీ రాశాను. గూడెం అంతా వేలిముద్రలు వేశారు.

కొన్ని నెలలకి జవాబు వచ్చింది. అక్కడివాళ్ళు ఓటుకి పెద్దగా రావడం లేదు కనక వేరే పోలింగు కేంద్రం అవసరం లేదని అందులో ఉంది. చదివి వినిపిస్తే అప్ప నవ్వింది. "దగ్గిర నేదని మనం రాం. మనం రాలేదని ఆల్లు దగ్గిర ఎట్టరు. ముందు మనమే ఎల్లాల" అంది.

ఈలోగా అర్జీ సంగతి బడి వార్డెన్‌కి తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. "నువ్వు పర్మినెంటు కాదు, ఎలక్షన్ల గొడవ నీకెందుకు" అని అప్పతో అన్నాడు. "గొడవ ఎవులిదో గానీ బాబూ, ఓటు మాత్రం నాది" అంది. వేసవి సెలవుల తర్వాత ఆమెను పనిలోకి రావద్దన్నారు. నేను వార్డెన్ దగ్గరికి వెళ్ళి మాట్లాడాను, ఫలితం లేకపోయింది. నా వల్లే ఇదంతా అని ఆమె ఇంటికి వెళ్ళి బాధపడితే, "నీ వల్ల ఏటి? నాకు తీరిక దొరికినాది" అని చేటలో చోడి గింజలు చెరుగుతూనే అంది.

ఆ తీరిక అంతా తిరగడానికే వాడింది. గూడెంలోనూ చుట్టుపక్కల చిన్న చిన్న గూడేల్లోనూ పద్దెనిమిదేళ్ళు నిండి జాబితాలో పేరు లేనివాళ్ళని వెతికి పట్టుకుంది. నేను దరఖాస్తులు నింపేవాణ్ణి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఓటు మాట ఎత్తేది కాదు. కలుపు తీస్తుంటే తనూ వంగి కలుపు తీసేది. కాఫీ పళ్ళు కోస్తుంటే తనూ బుట్ట కట్టుకునేది. "కేకేసి రమ్మంటే ఎవులూ రారు మాస్టారూ. పక్కన కూకుని ఆల్ల పని కాసేపు సెయ్యాల. అప్పుడు ఆల్లే అడుగుతారు, ఏటప్పా ఇలాగొచ్చినావని." ఈ మాట నేను ఆ తర్వాత చాలాచోట్ల వాడుకున్నాను.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక పార్టీవాళ్ళు జీపులో వచ్చి, గూడెం ఓట్లన్నీ తమకే వేయించమని అడిగారు. మర్నాడు ఇంకో పార్టీ. ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. "ఎవులికేత్తారో నాను అడగను, మీరూ అడక్కండి. అందరూ ఏసేటట్టు సూత్తాను, అంతే."

ఆ ఎన్నికలు వానల్లో వచ్చాయి. అప్ప ఇద్దరు ఆడవాళ్ళని ముందు రోజే కిందికి పంపింది. పోలింగు మొదలయ్యేసరికి వాళ్ళు గుమ్మం ఎదురుగా కూర్చుని ఉన్నారు. పై గూడెం వాళ్ళం వస్తున్నాం, మా పేర్ల మీద ఇంకెవరినీ వేయనివ్వొద్దని రాసిన కాగితం అధికారికి ఇచ్చారు. ఆ సారి నాకు డ్యూటీ పడలేదు. నా ఓటు అక్కడే కాబట్టి వేసి, బడి వరండాలో నిలబడ్డాను.

మధ్యాహ్నం దాటింది. కొండ దారిలో ఎవరూ కనబడలేదు. నాలుగింటికి పోలింగు ఆపేస్తారు. మూడున్నర అయింది. గుమ్మం ఎదురుగా ఉన్న ఆడవాళ్ళలో ఒకామె లేచి వానలోకి వెళ్ళి నిలబడింది. నాలుగింటికి పది నిమిషాలు ఉందనగా మలుపులో ఆకు గొడుగులు కప్పుకున్న మనుషులు కనబడ్డారు. ఒకరి వెనక ఒకరు, ఎంతకీ తెగని వరస. గెడ్డ పొంగితే పై రేవు దాకా చుట్టు తిరిగి దాటారట. ముసలాళ్ళని వీపుల మీద మోశారు. చంటిపిల్లల తల్లులున్నారు. ఆ చుట్ట ముసలాయన కర్ర పట్టుకుని నడిచొచ్చాడు.

లోపలి నుంచి అధికారి బయటికి వచ్చి, "టైమైపోయింది, ఇంతమందికి ఇప్పుడెలా" అన్నాడు. అప్ప ఆయన చేతి గడియారం వైపు చూపించి, "ఇంకా అవనేదు కదా బాబూ. నాలుగయ్యేతలికి వరసలో ఉన్నోల్లందరూ ఏయొచ్చు. మీ పుస్తకంలో ఉన్నాదంట, సూసుకోండి" అంది. గొంతు పెంచలేదు. ఆయన లోపలికి వెళ్ళాడు. కాసేపటికి నెంబర్లు వేసిన చీటీల కట్ట పట్టుకుని వచ్చాడు. చీటీ ఉన్నవాళ్ళకే నాలుగు తర్వాత ఓటు, వాటిని ఆఖరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకి ఇవ్వాలి. అప్పుడే వెనక కొత్తవాళ్ళు చేరరు. వరస పొడుగునా నడిచి ఆయన చివరికి వెళ్ళేసరికి అప్ప అక్కడ నిలబడి ఉంది. ఒకటో నెంబరు చీటీ ఆమెకిచ్చాడు.

అందరూ వేశారు. పొద్దు గుంకాక ఆమె వంతు వచ్చింది. బయటికి వచ్చి, తడిసిపోయిన ముసలాళ్ళని వంటశాల పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, కొత్త వంటమనిషి చేతిలోంచి గిన్నె తీసుకుని, గంజి కాయడం మొదలుపెట్టింది. వార్డెన్ చూస్తూ ఊరుకున్నాడు. మరుసటి ఏడాది వచ్చిన కొత్త వార్డెన్ ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు.

రెండోసారి పెట్టిన అర్జీకి ఒక అధికారి దూరం చూడడానికి స్వయంగా వచ్చాడు. అప్ప ఆయన్ని నడిపించుకుని కొండెక్కింది. గెడ్డ దగ్గర ఆయన రాయి మీద కూలబడి, "ఇంకెంత దూరం" అని అడిగాడు. "ఇది సగం బాబూ. మా ముసిలోల్లు ఇక్కడే కూకుంతారు" అంది. ఆయన మిగతా సగం కూడా నడిచాడు. ఆ మాట గొప్పగా చెప్పుకునేది, ఆయన్ని మెచ్చుకుంటూనే.

తర్వాతి ఎన్నికలకి పై గూడెం బడిలోనే పోలింగు పెట్టారు. అప్పటికి నాకు పార్వతీపురం బదిలీ అయింది. చూడాలనిపించి వెళ్ళాను. వేసవి. జనం తెల్లారగానే వచ్చి వేసి, మళ్ళీ పనుల్లోకి పోయారు. మధ్యాహ్నానికి బడి దాదాపు ఖాళీ. అప్ప కోసం వెతికాను. బడి వరండాలో, చల్లటి గచ్చు మీద, చెంగు తల కింద పెట్టుకుని పడుకుని ఉంది. అన్నేళ్ళలో ఆమె పగటిపూట నిద్రపోగా నేను చూడలేదు. పొలం నుంచి ఆలస్యంగా వచ్చిన ఒక అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, కాళ్ళ కడియాలు చప్పుడు కాకుండా పిక్కల మీదికి జరుపుకుని, ఆమె పాదాల పక్క నుంచి మెల్లగా లోపలికి వెళ్ళింది.